ఎనిమిదుల జంటకి పూర్వానుమతి

కాలివంతెనలు, కల్వర్టుల శాఖ జోనల్ కార్యాలయంలో ముప్పై ఒక్కేళ్ళ సర్వీసున్న సీనియర్ అసిస్టెంటు పెరుమాళ్ళు గారు అంతవరకూ ఒక్క నిర్ణయమైనా తీసుకోలేదు. ఇది గిట్టనివాళ్ళు అన్న మాట కాదు, ఆయనే మీసం దువ్వుకుంటూ చెప్పుకునే మాట. "నాతోపాటు చేరినవాళ్ళు ఆరుగురండీ. ఇద్దరు సస్పెండయ్యారు, ముగ్గురు ఎంక్వయిరీల్లో ఉన్నారు, ఒకాయన ఊరొదిలి వెళ్ళిపోయాడు. వాళ్ళ తప్పల్లా ఒకటే. ఎక్కడో ఒకచోట 'సరే' అని రాశారు" అనేవారు.

ఆయన 'సరే' అని రాసేవారు కాదు. కొర్రీ వేసేవారు. వచ్చిన ఫైల్లో ఏదో ఒక సందేహం పట్టుకుని, రెండు వాక్యాలు రాసి, వచ్చిన దారినే తిప్పి పంపేయడాన్ని ఆఫీసుల్లో కొర్రీ అంటారు. ఆ విద్యలో ఆయనకి జోన్ మొత్తంలో సాటి లేదు. ఉదాహరణకి లొద్దవలస ఫైలే చూడండి. ఆ ఊరికీ రోడ్డుకీ మధ్య ఉప్పగెడ్డ అనే వాగు పారుతుంది. గెడ్డ మీద చిన్న కాలివంతెన వేయించమని ఆ ఊరి అసిరమ్మ ఏడేళ్ళుగా ప్రతి సోమవారం, అర్జీల రోజున వచ్చి అడుగుతోంది. పెరుమాళ్ళు గారు మొదటి కొర్రీ వేశారు: 'సదరు స్థలములో రోజుకు ఎంతమంది గెడ్డ దాటుచున్నారు?' వంతెన లేదు కనక లెక్కపెట్టేటంతమంది ఎవరూ దాటడం లేదని జవాబొచ్చింది. రెండో కొర్రీ వేశారు: 'ఎవరూ దాటని చోట వంతెన ఆవశ్యకత ఏమి?' ఆ కొర్రీ అందానికి మురిసిపోయి ఆఫీసంతా కలిసి ఆయనకి ఆ రోజు మిరపకాయ బజ్జీలు తినిపించింది. తర్వాత ఇంకో తొమ్మిది కొర్రీలు పడ్డాయి గానీ ఆ రెండోదాని సొగసు దేనికీ రాలేదు.

ఇంకో చిత్రమేమిటంటే ఆ లొద్దవలసలో మన శాఖకే ఒక సబ్ ఆఫీసుంది. వంతెనల శాఖ ఆఫీసు వంతెన లేని చోటే ఉండాలని పూర్వం ఎవరో పెద్దాయన పెట్టించాడు. పదకొండేళ్ళుగా అందులో మనిషన్నవాడు లేడు. పోస్టింగు పడ్డవాళ్ళు గెడ్డ ఒడ్డుదాకా వెళ్ళి, నీళ్ళు చూసి, మెడికల్ లీవు పెట్టి, మరోచోటికి బదిలీ చేయించుకునేవాళ్ళు. జోన్‌లో చిన్న పిల్లల్ని బూచాడొస్తాడని భయపెడితే, గుమాస్తాల్ని లొద్దవలస అని భయపెట్టేవారు.

పెరుమాళ్ళు గారికి రిటైర్మెంటు ఇంకా తొమ్మిది నెలల పైనే ఉంది. మనిషికి మిగిలిన కోరిక ఒక్కటే, సూపరింటెండెంటు కుర్చీ. కిటికీ పక్కన, గాలి తగిలే చోట, గిర్రున తిరిగే కుర్చీ. అది ఖాళీ కాబోతోందని ఎవరో అనగానే ఆయన భార్య విశాలాక్షి దాని వీపుకి కప్పడానికి ముదురాకుపచ్చ టర్కీ తువ్వాలొకటి కొని, ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య దాచింది. దాచి మూడేళ్ళయింది. సీనియారిటీ ప్రకారం కుర్చీ ఆయనదే. ఇహ ఆర్డరు రావడమే తరువాయి అనుకుంటుండగా జోనల్ డైరెక్టరు మార్తాండరావు గారు సముద్రం ఒడ్డున అయిదు రోజుల నాయకత్వ శిక్షణకి వెళ్ళొచ్చారు. కొంప అక్కడ మునిగింది.

"మన శాఖకి లేనిది బడ్జెట్ కాదు, సిబ్బంది కాదు. డెసిషన్ మేకింగ్ కల్చర్!" అని డైరెక్టరు గారు స్టాఫ్ మీటింగులో బల్ల గుద్దారు. "అనిశ్చితిలో నిర్ణయం తీసుకోగలవాడే నాయకుడు. ఆ సంగతి ఇంటర్వ్యూలో తెలీదు, సర్వీసు రిజిస్టర్లో తెలీదు. పోకర్ టేబుల్ దగ్గర తెలుస్తుంది."

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఖాళీగా ఉన్న సూపరింటెండెంటు పోస్టు ఇకమీదట సీనియారిటీ ప్రకారము గాక, పోకర్ అను అంతర్జాతీయ నిర్ణయక్రీడ ద్వారా భర్తీ చేయబడును.' అర్హులు నలుగురు సీనియర్ అసిస్టెంట్లు. తలా నలభై టోకెన్లు. ప్రతి ఒక్కరికీ రెండేసి ముక్కలు రహస్యంగా ఇస్తారు, మరో అయిదు ముక్కలు అందరికీ కనపడేలా బల్ల మీద ఒక్కొక్కటే తిప్పుతారు. అన్నీ కలుపుకుని ఎవరి ముక్కలు గొప్పవైతే మధ్యలో పోగైన టోకెన్లన్నీ వాళ్ళవి. మొత్తం ఒడ్డి ఓడినవాళ్ళు ఎలిమినేట్. ఒకరు ఎలిమినేట్ కాగానే పోటీ ముగుస్తుంది. అప్పటికి ఎవరి దగ్గర ఎక్కువ టోకెన్లుంటే వాళ్ళకి కుర్చీ. ఎలిమినేట్ అయినవారికి, 'క్షేత్రస్థాయి అనుభవము నిమిత్తము', లొద్దవలస.

"పేకాట నిషేధం కదండీ సార్?" అన్నారు పెరుమాళ్ళు గారు.

"అది పేకాట. ఇది హెచ్.ఆర్." అన్నారు డైరెక్టరు గారు.

టోకెన్లకి మళ్ళీ కొనుగోళ్ళూ టెండర్లూ ఎందుకని, సోమవారం అర్జీదారులకి వరసనంబర్లిచ్చే ఇత్తడి టోకెన్లే నూట అరవై తీసి వాడేశారు. వరండాలో బోర్డు పెట్టారు: 'టోకెన్లు ఆటలో ఉన్నవి. టోకెన్ లేనిదే అర్జీ స్వీకరించబడదు.' పోటీ మొదలైన సోమవారం వచ్చిన అర్జీదారులు బోర్డు చదివి, నోటికొచ్చినట్టు తిట్టుకుని వెళ్ళిపోయారు. అసిరమ్మ వెళ్ళలేదు. గెడ్డ దాటడానికే పొద్దున్నంతా పట్టిన మనిషి వెంటనే ఎలా తిరిగెళుతుంది? మీటింగు హాల్లో కిటికీ వారగా ఉన్న బల్ల మీద కూచుని, సంచీలోంచి వేరుశనక్కాయలు తీసుకుని ఒలుచుకుంటూ ఆట చూడసాగింది.

ఆవిడ కూర్చున్నది కాంచనమాల గారి కుర్చీకి సరిగ్గా వెనక. కాంచనమాల గారు నలుగురిలోకీ చిన్నావిడ, దూకుడు మనిషి, మాట అంటే మాటే. ఆ రోజు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. దగ్గరివి ఆనవు కనక ముక్కలు రెండూ చెయ్యి చాచి పట్టుకుని, తల వెనక్కి వంచి ఓసారి చూసింది. వెంటనే నలభై టోకెన్లూ రెండు చేతులా ముందుకి తోసేసింది.

"సర్వస్వం సార్!"

మిగిలిన ఇద్దరూ, లెక్కల సెక్షనువాళ్ళు, ముక్కలు పడేసి, మాకొద్దు బాబోయ్ అన్నారు. వంతు పెరుమాళ్ళు గారికొచ్చింది. ఆయన తన ముక్కలు కొద్దిగా ఎత్తి చూసుకున్నారు. ఇస్పేటు ఎనిమిది. ఆఠీను ఎనిమిది.

అబ్బ, ఎంత పాపిష్టి ముక్కలండీ అవి! రెండు ఆసులొస్తే కళ్ళు మూసుకుని పెట్టేయొచ్చు. రెండూ ఏడూ అయితే కళ్ళు తెరిచి పడేయొచ్చు. ఎనిమిదుల జంట పడేస్తే మనసొప్పదు, పెడదామంటే ధైర్యం చాలదు. అవతలావిడ దగ్గర ఆసూ రాజూ లాంటి విడి ముక్కలుంటే తనదే కాస్త పైచెయ్యి. అంతకన్నా పెద్ద జంట ఉంటే మాత్రం లొద్దవలస. పెడితే కుర్చీయో గెడ్డో తేలిపోతుంది. పడేస్తే ఆ నలభైతో ఆవిడ నెత్తినెక్కి కూచుంటుంది. నిమిషం గడిచింది. పది నిమిషాలు గడిచాయి. పెరుమాళ్ళు గారి నుదుట చెమట పట్టింది. ముప్పై ఒక్కేళ్ళ అలవాటు చెయ్యి పట్టుకుని నడిపించినట్టు, ఆయన జేబులోంచి కలం తీశారు.

'గౌరవనీయులైన డైరెక్టరు గారికి. పై అంశమునకు సంబంధించి, సదరు నలభై ఇత్తడి టోకెన్లు ప్రభుత్వ ఆస్తి అయి ఉన్నవి. ప్రభుత్వ ఆస్తిని నష్టము కలుగు అవకాశమున్న కార్యమునందు వినియోగించుటకు పై అధికారి పూర్వానుమతి అవసరము. కావున ఎనిమిదుల జంటతో సర్వస్వము ఒడ్డవచ్చునా, లేదా అను విషయమై తగు ఉత్తర్వుల నిమిత్తము ఫైలు సమర్పించడమైనది.'

డైరెక్టరు గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆయన నాయకుడే గానీ, అంతకుముందు ఇరవై ఆరేళ్ళు ఉద్యోగి. ప్రభుత్వ ఆస్తి అన్న మాట చదివాక ఎవరి చెయ్యి సంతకానికి వంగుతుంది?

"పాయింటే," అన్నారు చివరికి. "పరిశీలిద్దాం. అందాకా ముక్కలు సీలు చెయ్యండి."

ఇద్దరి ముక్కలూ రెండు కవర్లలో పెట్టి, లక్క కరిగించి ముద్ర వేశారు. మిగిలిన పేక అట్టపెట్టెలో పెట్టి దాని మీదా ముద్ర వేశారు. పెరుమాళ్ళు గారి ఎదుట నలభై టోకెన్లూ అలాగే ఉన్నాయి. సర్క్యులర్లో చిన్న అక్షరాలతో ఇంకో నిబంధన ఉంది. ఆలోచిస్తూ కూచుంటే కాలం ఊరుకోదని సిబ్బందికి తెలిసి రావడానికి, వంతు ఎవరిదైతే వాళ్ళ ఎదుటి నుంచి ప్రతి సోమవారం ఒక టోకెన్ తీసి మధ్య కుప్పలో వేస్తారు. దాని పేరు గుడ్డి పందెం. ఫైలు పెండింగులో ఉన్నా గుడ్డి పందెం ఆగదని డైరెక్టరు గారు స్పష్టం చేశారు. "అదే కదా మొత్తం లెర్నింగ్!" అన్నారు.

వారానికొకటే కదా అనుకున్నారు పెరుమాళ్ళు గారు.

ఫైలు బయల్దేరింది. ముందుగా అది ఎనిమిది అనేది పెద్ద జంటా, చిన్న జంటా, మధ్యరకమా అన్న దగ్గర ఆగింది. దానికో ఉపసంఘం వేశారు: 'మధ్యశ్రేణి జంటల నిర్వచన ఉపసంఘం'. ఉపసంఘం రెండు పేకలూ, ఒక కార్యదర్శీ, ఒక జీపూ తీసుకుని ఆరు వారాలు పరిశ్రమించింది. రెండు నుంచి ఆసు దాకా ఉన్న పదమూడు ముక్కల్లో ఎనిమిదికి కింద ఆరు, పైన ఆరు ఉన్నాయి కనక, ఎనిమిది నిఖార్సైన మధ్యశ్రేణి అని తేల్చింది. తొమ్మిదీ పదీ తమని ఎందులో చేర్చారని అడగలేదు గానీ, ముందుజాగ్రత్తగా వాటికి వేరే ఉపసంఘం వెయ్యాలని సిఫారసు చేసింది.

ఆ సాయంత్రం పెరుమాళ్ళు గారు నివేదిక నకలు ఇంటికి తీసుకెళ్ళి చూపించారు. విశాలాక్షి కందిపప్పులో రాళ్ళేరుతూ విని, "మధ్యశ్రేణి జంట అంటే పైకి పోలేరు, కిందకి దిగలేరు. అంతేనా? దానికి ఉపసంఘం ఎందుకండీ, మనింటికొస్తే సరిపోయేది కదా" అంది. తర్వాత ట్రంకుపెట్టె తెరిచి తువ్వాలు ఓసారి ఎండలో దులిపి, మళ్ళీ మడిచి పెట్టేసింది.

తర్వాత న్యాయ సలహాదారు అభిప్రాయం వచ్చింది. 'పందెము గెలిచినచో అనుమతి అవసరమే లేదు. ఓడినచో అనుమతి ఇచ్చి ఉండరాదు. కావున ఫలితము తెలిసిన పిమ్మట అనుమతి కొరకు ఫైలు తిరిగి సమర్పించవలెను.' ఈ అభిప్రాయం చదివి పెరుమాళ్ళు గారికి కళ్ళు చెమర్చాయి. ఇంత కొర్రీ తాను జన్మలో రాయలేకపోయానే అనుకున్నారు.

పదో వారంలో, ఆఫీసులో పేకాట నడుస్తోందని ఎవరో చెప్పారట, పోలీసులు దిగారు. ఎస్సై గారు హాల్లోకి వచ్చి చూస్తే, రెండు కవర్ల మీదా అట్టపెట్టె మీదా, వారానికొకటి చొప్పున తనిఖీ చేసినవాళ్ళవి పదేసి సంతకాలున్నాయి. బల్ల మీద దుమ్ము వేలెడు మందాన పేరుకుంది. ఆయన చుట్టూ తిరిగి, "పది వారాలుగా ఒక్క ముక్కా కదల్లేదా?" అని అడిగారు. కదల్లేదని అందరూ ప్రమాణం చేశారు. "ఇక్కడ ఏ ఆటా జరగడం లేదని నిర్ధారించడమైనది" అని పంచనామా రాసిచ్చి వెళ్ళిపోయారు. డైరెక్టరు గారు దాన్ని ఫ్రేం కట్టించి గోడకి పెట్టించారు.

ఈ తతంగం అంతటికీ ప్రతి సోమవారం హాజరు వేసుకున్న మనిషి అసిరమ్మ ఒక్కతే. టోకెన్లు ఆటలో ఉన్నాయి, ఆటేమో ఫైల్లో ఉంది. ఆవిడ అదే బల్ల మీద కూచుని వేరుశనక్కాయలు తినేది. ఎవరో ఒకరు వచ్చి పెరుమాళ్ళు గారి ఎదుటి నుంచి ఒక టోకెన్ తీసి కుప్పలో టంగుమని వేసేవారు. ముప్పై తొమ్మిది. ముప్పై ఎనిమిది. మూడో నెలకి ఆట నియమాలన్నీ అసిరమ్మకి కంఠస్థం వచ్చేశాయి. లెక్కల సెక్షనువాళ్ళకి సందేహం వస్తే ఆవిడనే అడిగేవారు.

పద్దెనిమిదో వారం, సోమవారం పొద్దున్న ఉత్తర్వులొచ్చాయి. డైరెక్టరు గారు అందర్నీ హాల్లోకి పిలిచి, నిలబడి చదివారు.

"పైన ఉదహరించిన ఫైలును కూలంకషముగా పరిశీలించిన మీదట, శ్రీ పెరుమాళ్ళు, సీనియర్ అసిస్టెంటు వారికి, ఎనిమిదుల జంటతో నలభై టోకెన్లు ఒడ్డుటకు ఈ క్రింది షరతుకు లోబడి అనుమతి మంజూరు చేయడమైనది. షరతు: సదరు ఉద్యోగి ఓడిపోరాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. పెరుమాళ్ళు గారు మాత్రం తన ఎదుటనున్న టోకెన్లు లెక్కపెట్టారు. ఆ పొద్దుటి గుడ్డి పందెం కూడా పోగా ఇరవై రెండు.

"నలభైకి అనుమతి వచ్చిందండీ. ఉన్నవి ఇరవై రెండే" అన్నారు.

డైరెక్టరు గారు ఉత్తర్వు తిరగేసి మరగేసి చూశారు. "నిజమే. ఇరవై రెండుకి అనుమతి లేదు. రివైజ్డ్ ప్రతిపాదన పెట్టండి. మధ్యాహ్నం లోపల పెడితే ఇవాళే ఫార్వర్డ్ చేసేస్తాను."

అప్పుడు పెరుమాళ్ళు గారి బుర్రలో ఒక దీపం వెలిగింది. రిటైర్మెంటుకి ఎన్ని వారాలుంది? వేళ్ళ మీద లెక్కేశారు. ఇరవై రెండు వారాలు. వారానికో టోకెన్. ఆహా! ఇంకో ఫైలు పెట్టేస్తే చాలు. టోకెన్లు ఒక్కొక్కటీ పోతూ ఉంటాయి, ఫైలు పైకీ కిందకీ తిరుగుతూ ఉంటుంది, ఆఖరి టోకెన్ పడే రోజున దండ వేయించుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. కుర్చీ రాదు. లొద్దవలసా రాదు. ముప్పై ఒక్కేళ్ళు ఎలా గడిచిందో మిగిలినదీ అలాగే గడిచిపోతుంది. దేవుడు లెక్కపెట్టి మరీ ఇచ్చినట్టున్నాడు!

అందరూ భోజనాలకి వెళ్ళారు. ఆయన బల్ల దగ్గరే కూచుని తెల్ల కాగితం తీసి 'పై అంశమునకు సంబంధించి' అని రాశారు. ఎందుకో కలం అక్కడ ఆగింది. తలెత్తి చూస్తే అద్దాల తలుపుకి అవతల సూపరింటెండెంటు కుర్చీ గాలికి తనంతట తనే అటూ ఇటూ కదులుతోంది. దాని వీపు బోసిగా ఉంది.

"ఏటి బాబూ, మళ్ళా రాసెత్తున్నారా?" అంది అసిరమ్మ కిటికీ దగ్గర నుంచి.

"నీకేం తెలుసమ్మా. ఇది జాగ్రత్త."

"నాకేటి తెల్దు? పద్దినిమిది వారాలు సూడనేదా? తమరి దగ్గిర ఎనిమిదులు గదా. సెడ్డ ముక్కలేటి కావు."

"చెడ్డవి కావు. మంచివీ కావు. అదే కదా నా ఖర్మ. అవతల ఆవిడ దగ్గర ఏముందో ఎలా తెలుస్తుంది?"

అసిరమ్మ వేరుశనక్కాయ తొక్క ఊదేసి, కాసేపు ఆలోచించింది. "ఆ కాంచనం అమ్మ మొగం సూడనేదేటి తమరు? ఆ రోజు తోసీసినాక మంచినీళ్ళు అడిగి తాగింది. ధీమాగుంటే నీళ్ళెందుకు? దడ బాబూ, దడ."

పెరుమాళ్ళు గారు ఉలిక్కిపడ్డారు. "నిజమేనా?"

"నాను సెప్పీది ఇనండి. మా గెడ్డ సంగతి సెప్తాను. పైన వాన పడితే కింద నీళ్ళు పెరుగుతాయి. మోకాలి లోతులో ఉన్నప్పుడే దాటెయ్యాల. తగ్గుతాదిలే అని ఒడ్డున కూకుంటే నడుం దాకా వొచ్చేస్తాది. ఒడ్డున కూకున్నోడు తడవడు, నిజిమే. ఆడి సద్దిమూట మాత్రం అక్కడే పాసిపోద్ది, ఇంటికి పోడు." ఆవిడ కుర్చీ వైపు గెడ్డం ఎత్తి చూపింది. "ముప్పై ఏళ్ళు ఒడ్డునే కూకున్నారు గదా బాబూ. ఒక్కపాలి దిగి సూడండి."

ఆ మాట పెరుమాళ్ళు గారికి ఎక్కడో గుచ్చుకుంది. ముప్పై ఒక్కేళ్ళలో తన దగ్గరకొచ్చిన ఫైళ్ళన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఒక్కదాని మీదా తన 'సరే' లేదు. రేపు దండ వేసేటప్పుడు వీళ్ళు ఏమని పొగుడుతారు? పెరుమాళ్ళు గారు అద్భుతంగా కొర్రీలు వేసేవారనా? ట్రంకుపెట్టెలో తువ్వాలు గుర్తొచ్చింది. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ రెండిటి మధ్యా నవ్వూ వచ్చింది.

భోజనాలయ్యాక అందరూ తిరిగొచ్చేసరికి ఆయన నిలబడి ఉన్నారు. రాసిన కాగితం నాలుగు ముక్కలై చెత్తబుట్టలో ఉంది.

"సార్," అన్నారు డైరెక్టరు గారితో. "సరే."

"సరే ఏమిటండీ?"

"సరే అంటే సరేనండీ! పెడుతున్నాను!" అని ఇరవై రెండు టోకెన్లూ రెండు చేతులా తోసేశారు. ఇత్తడి బిళ్ళలు జలజలమని బల్లంతా పారాయి.

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచిపోయారు. "పూర్వానుమతి లేకుండానా?"

"లేకుండానే."

"షరతు ఉంది, ఓడిపోకూడదు!"

"ఆ షరతు నలభైకండీ. ఇరవై రెండుకి షరతేం లేదు" అన్నారు పెరుమాళ్ళు గారు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. ఒళ్ళంతా తేలిపోతోంది. అయ్యో, ఇంత సుఖమైన పనిని ఇన్నేళ్ళూ చెయ్యకుండా ఎలా ఉన్నానురా భగవంతుడా అనుకున్నారు.

సీళ్ళు పగలగొట్టారు. పెరుమాళ్ళు గారు తన ఎనిమిదులు రెండూ బల్ల మీద చరిచారు. కాంచనమాల గారు తన ముక్కలు నెమ్మదిగా పక్కపక్కన పరిచింది. డైమను జాకీ. కళావరు జాకీ.

అయినా అయిదు ముక్కలు తిరగాలి కదా, ఒక్క ఎనిమిది పడితే చాలు. మొదటిది రాణి. రెండోది నాలుగు. మూడోది రెండు. లెక్కల సెక్షనువాళ్ళు బల్లలెక్కారు. నాలుగోది తొమ్మిది. డైరెక్టరు గారు పదవీ మర్యాదా మరిచిపోయి "ఎనిమిది! ఎనిమిది!" అని అరుస్తున్నారు. అయిదో ముక్క కొద్దికొద్దిగా తిరిగింది. డైమను చుక్కలు కనపడుతున్నాయి, మూడు, అయిదు, ఆరు...

ఏడు. ఒక్క చుక్క తక్కువ.

కాంచనమాల గారు జాలిపడి చెయ్యి అందించింది. పెరుమాళ్ళు గారు ఆ చెయ్యి పట్టుకుని ఊపేస్తూ నవ్వుతున్నారు. ఆయనకి మతి పోయిందని అందరూ అనుకున్నారు. ఇంటికెళ్ళి చెబితే విశాలాక్షి ట్రంకుపెట్టె తెరిచి తువ్వాలు తీసి ఆయన సంచిలో కుక్కింది. "కుర్చీకి కాకపోతే కాళ్ళు తుడుచుకోడానికైనా పనికొస్తుంది. గెడ్డ దాటాలి కదా" అంది.

"మెడికల్ లీవు పెట్టెయ్యండి పెరుమాళ్ళు గారూ, అందరూ చేసేదే" అన్నారు డైరెక్టరు గారు ఆర్డరు చేతికిస్తూ. పెరుమాళ్ళు గారు పెట్టలేదు. నేరుగా ఉప్పగెడ్డ ఒడ్డుకి వెళ్ళారు. వానాకాలం. నీళ్ళు నడుం లోతున పరుగెడుతున్నాయి. ఆయన ఒడ్డున రాయి మీద కూచుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, కలం తీశారు. ఈసారి రాసింది కొర్రీ కాదు. తాను ఏడేళ్ళలో వేసిన పదకొండు కొర్రీలకీ వరసగా జవాబులు రాశారు. ఏ జవాబు రాస్తే ఏ సెక్షను నోరు మూస్తుందో ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు? మొదటి కొర్రీకి జవాబు ఇది:

'సదరు స్థలములో రోజూ గెడ్డ దాటవలసినవారి సంఖ్య: ఒకరు. హోదా: సీనియర్ అసిస్టెంటు. వంతెన లేని కారణముగా ప్రభుత్వ ఉద్యోగి విధులలో చేరలేక ఒడ్డున కూర్చొని ఉన్నారు.'

జోనల్ ఆఫీసు గగ్గోలెత్తిపోయింది. ఊరు ఊరంతా ఏడేళ్ళు అడిగితే అది అర్జీ. ఒక ఉద్యోగి ఒడ్డున కూచుంటే అది అత్యవసర పరిస్థితి. ఆఫీసుకి ఉద్యోగి చేరకపోతే హాజరుపట్టీ ఎవరు నింపాలి? జీపులొచ్చాయి, టేపులు పట్టి కొలతలు తీశారు, కొత్త సూపరింటెండెంటు కాంచనమాల గారు ఒక్క పూటలో సంతకం పెట్టి పంపింది. నలభై రోజులు పెరుమాళ్ళు గారు పొద్దున పదింటికి ఒడ్డుకొచ్చి సాయంత్రం అయిదింటికి వెళ్ళారు. నలభై ఒకటో రోజున గెడ్డ మీద కాలివంతెన ఉంది.

ఆ రోజు మొదట దాటింది ఆయనే. అవతలి ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. అసిరమ్మ నెత్తి మీద గంపతో ఎదురొచ్చింది. వంతెన మధ్యలో పెరుమాళ్ళు గారు పిట్టగోడ మీద ఆకుపచ్చ తువ్వాలు పరుచుకుని కూచున్నారు. గాలి బాగా తగులుతోంది.

"ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పు అసిరమ్మా" అన్నారు. "కాంచనమాల గారు దడతో నీళ్ళు తాగిందన్నావు. ఆవిడ దగ్గరున్నవి జాకీలు. జాకీలున్న మనిషికి దడేమిటి?"

అసిరమ్మ గంప దించి, ఆయన మొహంలోకి ఓసారి చూసి, దాచలేక ఫక్కున నవ్వేసింది.

"జాకీలని నాకు ఆ రోజే తెల్సు బాబూ. కళ్ళజోడు నేక ఆ అమ్మ సెయ్యి సాపి పట్టుకుంది గదా, ఎనకాల కూకున్నాను, రెండూ నా మొగంలోనే ఉన్నాయి."

 

"తెలిసీ పెట్టమన్నావా!"

"తమరు గెలిస్తే ఆ కుర్సీలో కూకుని మళ్ళా కొర్రీలేత్తారు. రాసుకుంటా కూకుంటే ఒడ్డునే ఉండిపోతారు. ఓడితే ఇటొస్తారు. ఇటొస్తే తమరికీ నీళ్ళు అడ్డొస్తాయి. ఏడేళ్ళు తిరిగినాను బాబూ, మరి నానేటి సెయ్యను?"

"ఆఖరి ముక్క ఎనిమిది పడుంటే? అప్పుడేం చేసేదానివి?"

"పడితే పడును. ఇంకో ఏడేళ్ళు తిరుగుదును." ఆవిడ గంప మళ్ళీ నెత్తికెత్తుకుంది. "దిగకపోతే లోతు తెల్దు గదా బాబూ. తమరొక్కరే ఏటి, నానూ పెట్టీసినాను."

అని, వెనక్కి చూడకుండా, చెప్పులు తడవకుండా, రోడ్డు వైపు వెళ్ళిపోయింది. పెరుమాళ్ళు గారు పిట్టగోడ మీద చాలాసేపు అలాగే కూచుని, ఆవిడ చెప్పినదాన్ని మొదటి నుంచి చివరి దాకా, ఒకటికి నాలుగుసార్లు పరిశీలించారు. కొర్రీ వెయ్యడానికి ఎక్కడా ఏమీ దొరకలేదు.